ఎంగిలి విస్తళ్ల లెక్క

పోయిన జులై నెల రెండో ఆదివారం, పొద్దున పది గంటల ఇరవై నిమిషాలకు మా అత్తమ్మ దొరసాని అయింది. సమయం కచ్చితంగా ఎలా తెలుసంటే, అప్పుడే కుక్కర్ మూడో కూత వేసింది. నేను స్టవ్ ఆపి గోడ గడియారం చూశాను.

ఆమెను దొరసానిని చేసింది మా అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శి. నార్సింగిలో రింగు రోడ్డుకు ఇవతల మావి ఆరు టవర్లు. మేముండేది మూడో దాంట్లో, పన్నెండో అంతస్తు. కార్యదర్శిది గోదావరి జిల్లా. మర్యాదస్తుడు. వారమంతా హైటెక్ సిటీలో కంపెనీకి పనిచేసి, ఆదివారం సంఘానికి పనిచేస్తాడు. ఈసారి జెండా పండుగకు ఆరు టవర్లలోకీ పెద్ద వయసు మనిషి చేత జెండా ఎగరేయించాలని తీర్మానం చేశారట. ఆ మనిషిని వెతుక్కుంటూ మా ఇంటికి వచ్చాడు.

అత్తమ్మకు తొంభై రెండేళ్లని నా లెక్క. ఆధార్ కార్డు మీద ఎనభై ఎనిమిదే ఉంటుంది. అది రాసుకున్నవాడు ఆమె ముఖం చూసి వేసిన అంకె. నేను ఒక సర్కారు ఆఫీసులో లెక్కల విభాగంలో పనిచేసి రిటైరైన దాన్ని. ముఖం చూసి అంకె వేయడం నాకు నచ్చదు. మా ఆయన పుట్టిన ఏడాది నుంచి వెనక్కి లెక్క కట్టి తొంభై రెండు తేల్చాను.

కార్యదర్శి సోఫాలో కూర్చుని ఇల్లంతా మెచ్చుకున్నాడు. "మంచి గాలండి మీకు. తలుపు కూడా టేకుతో చేయించుకున్నారండి."

అత్తమ్మ కింద చాప మీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. తలెత్తకుండానే అంది: "ఇదేం తలుపు బిడ్డా! మా గడీల తలుపు తియ్యాలంటే ఇద్దరు మనుషులు కావాలె."

"గడీనా అండి? మీరు గడీలో పెరిగారా మామ్మగారూ?"

"ఆడనే పెరిగిన. ఎండి గిలాసలు, గుర్రాల కొట్టం, గోడకు జింక కొమ్ములు. అన్నీ ఉండె."

"దొరల వంశమన్నమాట! నాకు చూడగానే అనిపించిందండి. ఆ కూర్చోవడంలోనే ఒక దర్జా ఉందండి."

తెలంగాణ మనిషి ఎవరూ ఈ పొరపాటు చేయరు. ముంజేతుల నిండా ఉన్న పచ్చబొట్లు చూస్తే చాలు, ఆమె గడీలో ఏ వైపు పెరిగిందో తెలిసిపోతుంది. ఆ తలుపు తీసే ఇద్దరు మనుషుల్లో ఈమె ఒకతేమో అన్న అనుమానమైనా వస్తుంది. ఈయన గడీలను సినిమాల్లో మాత్రమే చూశాడు. నేను చేతులు తుడుచుకుని హాల్లోకి వచ్చేసరికి అతను లిఫ్టు ఎక్కేశాడు. లిఫ్టు కిందికి చేరేలోపలే టవర్ల వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పడింది. మా ఆయన కళ్లజోడు పెట్టుకుని పైకి చదివాడు: "గడీ దొరసాని గారి అమృత హస్తాలతో పతాకావిష్కరణ."

అత్తమ్మ నవ్విన నవ్వుకు చిక్కుడుకాయల పళ్లెం బోర్లా పడింది.

"నన్ను దొరసానిని చేసిండా! ఆ దొరసాని ఇంటే ఇంకోపాలి సస్తది!"

ఆమె గడీలో ఉన్నది ఆడబాపగా. దొర బిడ్డకు పెళ్లి చేసి అత్తారింటికి పంపేటప్పుడు మంచం, బిందెలు, బర్రెలతో పాటు ఒక ఆడపిల్లను కూడా పంపేవారు. ఆ పిల్ల ఆడబాప. ఆమెకు కూలి లేదు, పెళ్లి లేదు, పోతానంటే పోనిచ్చేది లేదు. దొర ఏమన్నా, దొర చుట్టాలు ఏమన్నా కాదనేది లేదు. అత్తమ్మను అలా పంపినప్పుడు ఆమెకు ఎనిమిదేళ్లు ఉంటాయి. తల్లి ఏదో పేరు పెట్టి పిలిచేదట. కొత్త గడీలో ఆ పేరు గల పెద్దమనిషి ఉందని పేరు మార్చేశారు.

"పోనీలె అవ్వా," అన్నాడు మా ఆయన, ఫోను జేబులో పెట్టుకుంటూ. "ఒక్క పూట ముచ్చట. జెండా తాడు గుంజి వచ్చెయ్. ఎవరికేం నష్టం?"

అత్తమ్మ నవ్వడం ఆపింది.

"తాడు గుంజుత. దొరసాని అంటే మాత్రం గుంజ."

"మరి ఏమనాలె?"

"నేనేందో అదే అనాలె. ఇగ నాకెన్ని రోజులున్నయి రా? ఒక్కపాలన్న నలుగుట్ల చెప్పి సస్త."

మా ఆయన బాల్కనీలోకి వెళ్లి మొక్కలకు నీళ్లు పోశాడు. ఆ మొక్కలకు నేను పొద్దునే పోశాను.

ఆయన ఇబ్బంది ఏమిటో చెప్పాలంటే మా మామగారి సంగతి చెప్పాలి. ఆయన చాకలి ఇంట్లో పుట్టి, తెలంగాణ సాయుధ పోరాటం రోజుల్లో గుట్ట మీది దళానికి కబుర్లు మోశాడు. అప్పటికి పదహారో పదిహేడో. తర్వాత చదువు నేర్చుకుని చిన్న ఉద్యోగం చేశాడు. పెద్దయ్యాక ఆయన్ను సభలకు పిలిచి శాలువా కప్పేవారు. శాలువాతో ఉన్న ఫొటో ఇప్పటికీ మా హాల్లో ఉంది. ప్రతి సభలోనూ ఆయన చెప్పే మాట ఒకటే: "గడీల ఎన్ని తుపాకులున్నయో ఆ లెక్క పొద్దుగూకే లోపల గుట్టకు చేరేది. ఆ లెక్క మోసినోణ్ని నేనే."

అందులో అబద్ధం లేదు. మోసింది ఆయనే. లెక్క కట్టింది ఎవరని ఏ సభలోనూ ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. ఇంటికి మనుషులొచ్చి ఆ కథ చెప్పించుకున్నప్పుడు అత్తమ్మ వంటింట్లో చాయ్ పోస్తూ వినేది. ఆ మాట దగ్గరికి వచ్చేసరికి చాయ్ వడకట్టే చేయి ఒక్క క్షణం ఆగి, మళ్లీ కదిలేది. కోడలిగా వచ్చిన ఏడాదిలోనే నేనది గమనించాను.

ఆయన ఆమెను దాచింది చిన్నచూపుతో కాదు. లెక్క ఎవరు కట్టారో చెబితే, ఆ మనిషి గడీలో ఏమిగా ఉండేదో చెప్పాలి. చెప్పగానే సభలో కళ్లన్నీ ఆమె వైపు ఎలా తిరుగుతాయో ఆయనకు తెలుసు. కొడుకు చేత కూడా ఒట్టు వేయించుకున్నాడు. ఇంకొక పద్ధతి కూడా పెట్టాడు: మా ఇంట్లో ఎవరు తిన్న పళ్లెం వాళ్లే ఎత్తాలి, అత్తమ్మది మాత్రం ఆయన ఎత్తుతాడు. కోడలిగా వచ్చిన రోజు మామగారు తన పళ్లెం, అత్తమ్మ పళ్లెం రెండూ ఎత్తుకుని పెరట్లోకి పోతుంటే అందుకుందామని వెనకాలే పరుగెత్తాను. వాళ్ల కాపురం మొత్తంలో ఆమె చేత ఎవరి ఎంగిలీ ఎత్తనివ్వలేదు.

అది ఎందుకో ఆయన పోయాక తెలిసింది. దినం నాటి భోజనాలైన తర్వాత అత్తమ్మ ఒక్క విస్తరిని తీసుకుని, నున్నటి ముఖం పైకి, ఈనెల వీపు లోపలికి వచ్చేలా తిరగేసి మడిచి పక్కన పెట్టింది. అలా ఎవరూ మడవరు. ఎందుకలా మడిచావని అడిగాను. గిన్నెలు తుడుస్తూ తుడుస్తూ మొత్తం చెప్పింది.

పోరాటం ముదిరాక దొర తన కాపలాకు తుపాకుల మనుషులను గడీలో దింపుకున్నాడు. వాళ్లు ఫలానా అని అత్తమ్మ ఎప్పుడూ పేరు పెట్టి చెప్పదు. ఆమెకు వాళ్లంతా తుపాకులోళ్లే. వాళ్లు కొన్నాళ్లు ఎక్కువమంది, కొన్నాళ్లు తక్కువమంది ఉండేవారు. గుట్ట కింది ఊరి మీద ఎప్పుడు పడతారో బయటివాళ్లకు తెలిసేది కాదు. గడీలోకి పోయే ప్రతి మనిషినీ వెతికేవారు. బయటికి వచ్చే చాకలి మూటలు కూడా విప్పి చూసేవారు. ఎవరూ చూడనిది ఒక్కటే, ఎంగిలి విస్తళ్లు. అవి ఎత్తి వెనక గోడ అవతల కుప్పలో పారేసే పని ఆడబాపది. ఆ కుప్ప పక్కనుంచే చాకలి పిల్లగాడు రేవుకు పోతాడు.

తుపాకులవాళ్లు తిన్న విస్తళ్లను మాత్రం ఆమె తిరగేసి మడిచేది. దొర ఇంటివాళ్లవి, నౌకర్లవి మామూలుగా పడేసేది. రేపు దాడికి పోతారంటే జొన్నరొట్టెలు మూట కట్టమని వంటింటికి హుకుం వస్తుంది. ఆ రోజు పైన ఒక విస్తరి సగానికి చింపి పెట్టేది. పిల్లగాడు నడుస్తూనే కంటితో లెక్కపెట్టుకునేవాడు. ఈ ఏర్పాటు అయ్యేనాటికి వాళ్లిద్దరూ మాట్లాడుకున్నది ఒక్కసారే, అదీ బావి దగ్గర, బిందె మునిగేంత సేపు.

చివరి రోజు రొట్టెలకు హుకుం వచ్చింది. విస్తరి చింపి కుప్ప మీద పెట్టగానే పెద్ద వాన పడింది. నీళ్లకు కుప్పంతా కాలువలోకి కొట్టుకుపోయింది. పిల్లగాడు వచ్చి ఖాళీ గోడను చూసి వెళ్లిపోవడం ఆమె కొట్టం లోంచి చూసింది. అరిస్తే పట్టుబడతారు. మధ్యాహ్నపు విస్తళ్లు ఇంకా పారేయకుండా లోపలే ఉన్నాయి. వాటిని తిరగేసి మడిచి, ఒకటి చింపి, ఒడిలో పెట్టుకుని పశువుల దొడ్డి దిడ్డి తలుపు లోంచి బయటపడింది. గడీ దాటి ఊళ్లోకి నడవడం ఆమెకు అదే మొదటిసారి. చాకలి ఇళ్లు ఎటువైపో కూడా తెలియదు. సబ్బు నురుగు వచ్చే కాలువ పట్టుకుని ఎదురు నడిచింది.

"నోటితో చెప్తే అయిపోవు గద అత్తమ్మా, ఆ తడిసిన ఇస్తార్లు మోసుడెందుకు?" అని అడిగాను.

"నా మాట ఎవడు నమ్ముతడు పిల్లా? గడీ మనిషిని. దొర తోలిండనుకుంటరు. ఇస్తార్లయితే ఆళ్లకు ఎరుకున్న మాట."

తెల్లవారేసరికి గుట్ట కింది ఊరు ఖాళీ. తుపాకులవాళ్లకు ఒక మేక, రెండు కోళ్లు దొరికాయి. అత్తమ్మ మళ్లీ గడీకి పోలేదు.

ఇదీ సంగతి. ఇప్పుడు ఆమె దీన్ని నలుగురిలో చెప్తానంటోంది. తండ్రికి వేసిన ఒట్టు మా ఆయనకు అడ్డం వస్తోంది.

ఆ సాయంత్రం మా మనవరాలు ఆఫీసు క్యాబ్ దిగి వచ్చింది. కొడుకు కోడలు పుణెలో ఉంటారు, పిల్ల ఉద్యోగం ఇక్కడని మా దగ్గర ఉంటుంది. గ్రూపులో మెసేజ్ చూసి అప్పటికే నవ్వుతూ వచ్చింది. నేను విషయమంతా చెప్పాక ముసలామె పక్కన చాప మీద కూలబడింది.

"తాతమ్మా, అంటే నువ్వు స్పైవా?"

"స్పై అంటే ఏంది?"

"చాటుగా చూసి, కావలసినోళ్లకు చెప్పేవాళ్లు."

"మరి గదే గద నేను ఇప్పటికీ చేసేది!"

అది నిజమే. రోజూ సాయంత్రం లిఫ్టు ఎదురుగా ఉన్న సోఫాలో కూర్చుంటుంది. ఎవరింటికి చుట్టాలొచ్చారు, ఎవరు అలిగి పుట్టింటికి పోయారు అన్నీ గుమ్మం ముందు చెప్పులు చూసి చెబుతుంది. ముసలామె ఎదురుగా ఉంటే జనం ఎవరూ గొంతు తగ్గించరు. పోయిన ఎండాకాలం నీళ్ల ట్యాంకరు సగం నింపుకుని వస్తోందని కనిపెట్టింది కూడా ఆమే. టైర్లు నేలకు ఎంత దిగాయో చూసి చెప్పిందట. ఆ ఘనత ఆ రోజు సంఘం కమిటీకి పోయింది.

"చెప్దాం తాతమ్మా. నేను పీపీటీ చేస్తా," అంది పిల్ల.

"నాకు పీపీటీ గీపీటీ వద్దు. మోదుగ ఇస్తార్లు కావాలె. ఆ రోజు బంతి భోజనం పెడితే మోదుగాకులనే పెట్టాలె. లేకుంటే రానని చెప్పు."

కార్యదర్శికి ఆ షరతు తెలిపితే పొంగిపోయాడు. "గడీ సంప్రదాయమండి! అరిటాకులు అనుకున్నామండి, మార్చేస్తానండి." హఫీజ్‌పేట్, మదీనాగూడ తిరిగి, ఎక్కడా కుట్టిన మోదుగ విస్తళ్లు దొరకక, చివరికి ఒక పూజ సామాను దుకాణంవాడికి చెప్పి జిల్లా నుంచి తెప్పించాడు. సంగతి అతనికి ముందే చెప్పేద్దామని నేనన్నాను. అత్తమ్మ ఒప్పుకోలేదు. "చెప్తే ఆయిన సర్ది సర్ది ఏదో మంచి పేరు పెడతడు. ఊకో."

జెండా పండుగ పొద్దున మా ఆయన కొత్త చెప్పులు వేసుకుని మాతో పాటే బయలుదేరాడు. వస్తానని అనలేదు, రానని అనలేదు. క్లబ్ హౌస్ హాల్లో ఆఖరి వరుసలో తలుపు పక్కన కూర్చున్నాడు.

కార్యదర్శి మైకు పట్టుకుని "ఇప్పుడు మన గడీ దొర..." అనబోతుంటే మనవరాలు పక్కనుంచి, "సార్, తాతమ్మ అనండి చాలు" అంది. "మన తాతమ్మ గారు" అన్నాడు. అందరం బయటికి వచ్చాక జెండా ఎగిరింది. తాడు ముడి రాకపోతే అత్తమ్మే పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. పూలు ఆమె తల మీద పడ్డాయి.

భోజనాలయ్యాయి. పులిహోర, పప్పు, వంకాయ కూర, లడ్డు. జనం లేవబోతుంటే అత్తమ్మ మైకు అడిగింది.

"ఎవ్వలు లేవకుండ్రి. జర కూసోండ్రి. ఇస్తార్లు అట్లనే ఉంచుండ్రి."

మైకు పిల్లకు ఇచ్చి, ముందు వరుస దగ్గరికి పోయి ఒక డాక్టరమ్మ తిన్న విస్తరి చేతిలోకి తీసుకుంది. హాలంతా కలకలం రేగింది. కార్యదర్శి పరుగెత్తుకొచ్చాడు.

"మామ్మగారూ, వద్దండి, అవి ఎంగిలివండి! మీరు ముట్టుకోవడమేంటండి!"

"ఎంగిలియి గాబట్టే ఎవడు సూడలే బిడ్డా. ఆగు, చెప్త."

విస్తరిని తిరగేసి మడిచింది. తర్వాతది తీసుకుంది. ఎవరి విస్తరి మామూలుగా ఉంచిందో, ఎవరిది తిరగేసిందో నేను చూస్తున్నాను: యూనిఫాంలో వచ్చిన సెక్యూరిటీ వాళ్లు తిన్నవి మాత్రమే తిరగేస్తోంది. మోకాళ్లు నొప్పులని రోజూ మూలిగే మనిషి వరుస మొత్తం వంగి వంగి చేసింది. అన్నీ ఒక కుప్పగా పెట్టి, ఒకటి సగానికి చింపి పైన ఉంచింది.

"ఇగో, ఇది ఒక కబురు. ఈ హాల్ల డ్రెస్సు మనుషులు ఎందరున్నరో ఇందుల ఉంది. ఎప్పుడు పోతరో ఉంది. గడీల నేను గిట్లనే రాసిన. నాకు రాయరాదు, గిదే నా రాత. నేను దొరసానిని కాదు. ఆ దొరసానికి అరణం కింద ఇచ్చిన ఆడబాపను."

ఆ మాట తెలిసినవాళ్లు హాల్లో కొద్దిమందే. వాళ్ల తలలు వంగాయి. తెలియనివాళ్లకు మనవరాలు మైకులో చెప్పింది. అత్తమ్మ వాన గురించి, ఒడిలో తడిసిన ఆకుల గురించి, నురుగు కాలువ గురించి చెప్పింది. పెద్దగా ఏమీ చెప్పలేదు.  నేను మా ఆయన వైపు చూడలేకపోయాను. ఆయన లేచి బయటికి పోతాడనే అనుకున్నాను.

లేచాడు. తలుపు వైపు కాదు, ముందు వరుస వైపు నడిచాడు. అత్తమ్మ తిన్న విస్తరి బల్ల మీద ఇంకా అలాగే ఉంది. దాన్ని రెండు చేతులతో ఎత్తి, నున్నటి ముఖం పైకి తిరగేసి మడిచి, కుప్ప మీద పెట్టాడు.

"లెక్క మోసినోడు మా బాపు," అన్నాడు మైకు లేకుండానే. "కట్టింది ఈమె."

ఒట్టు అంతటితో సరి.

ఆ తర్వాత డాక్టరమ్మ లేచి తన పక్కవాళ్లవి కూడా ఎత్తింది. ఒకరిని చూసి ఒకరు, ఎవరి విస్తరి వాళ్లు ఎత్తారు. హౌస్‌కీపింగ్ ఆడవాళ్లు ఖాళీ చేతులతో గోడ పక్కన నిలబడి, ఏం చేయాలో తోచక కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. సెక్యూరిటీ సూపర్‌వైజరు మాత్రం అత్తమ్మ దగ్గరికి వచ్చి, "అయితే పెద్దమ్మా, మా లెక్క ఎవరికి పంపినవ్?" అన్నాడు. "మీ రొట్టెలు యాడున్నయి రా, పంపనీకి?" అంది.

కార్యదర్శి ముఖం ఎర్రగా అయింది. "క్షమించండి మామ్మగారూ. నేనేమో గ్రూపులో దొరసాని గారని పెట్టేశానండి."

"దొరసానిని కాకుంటే లడ్డు వాపస్ ఇయ్యాల్నా ఏంది?"

"అయ్యో, ఇంకో రెండు తీసుకోండి!"

"ఇయ్యి మరి. పైన ఫ్రిజ్‌ల పెడ్త."

మధ్యాహ్నం రెండుంబావుకు గ్రూపులో పాత మెసేజ్ తీసేసి కొత్తది పెట్టాడు. అందులో ఆడబాప అన్న మాట ఉంది, గూఢచారి అన్న మాట కూడా ఉంది. మనవరాలు చదివి వినిపిస్తే అత్తమ్మ రెండుసార్లు చదివించుకుని పడుకుంది. గురక పెట్టి నిద్రపోయింది.  మా ఆయన హాల్లో తండ్రి ఫొటోను గోడ మీద ఒక జానెడు పక్కకు జరిపి, ఆ పక్కన మేకు కొట్టాడు. ఆమె ఫొటో ఇంకా కట్టించాలి.

రోజు చివర లెక్క తేలకపోతే నాకు తోచదు. పోయినవి ఇవి: తల్లి పెట్టిన పేరు ఒకటి, ఆమెకు గుర్తు రాలేదు. తల్లి ముఖం ఒకటి. ఎనిమిదో ఏటి నుంచి పదిహేనో ఏటి దాకా ఏడేళ్లు. భర్త నోటి నుంచి తన పని వినే అవకాశం, ఆయన బతికి ఉన్నన్నాళ్లూ. క్లబ్ హౌస్ గుమ్మం ముందు విడిచిన మా ఆయన చెప్పులు ఒక జత, కొత్తవి.